పుస్తకం కూడు పెడ్తదా?

'పుస్తకం కూడు పెడ్తదా?' ఈ ప్రశ్న వినని ఇల్లు మన ఊర్లల్ల ఉండదు. పొద్దంతా పుస్తకం పట్టుకొని కూసున్న కొడుకును చూసి నాయిన అన్నడు. దొడ్లె బర్లు అరుస్తున్నా కథల పుస్తకం మూయని బిడ్డను చూసి అవ్వ అన్నది. వాళ్ల ప్రశ్నలో తప్పు లేదు. కైకిలికి పోతేగాని పొయ్యి మండని ఇంట్లో ఏ పనినైనా కూటితోనే కొలుస్తరు. మేం ఆ ప్రశ్నను ఎగతాళి చేయడానికి కూసోలేదు. దానికి జవాబు చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నం.

మొన్న ఎండకాలం ఒక జిల్లా కేంద్రంలో గ్రంథాలయానికి పోయినం. ఊరు పేరు ఎందుకు, చాలా జిల్లాల్లో అదే తీరు. లోపల ఒక్క కుర్చీ ఖాళీ లేదు. వరండాలో, మెట్ల మీద, ఆవరణలో వేపచెట్టు కింద కూడా పిల్లలే. ఇంటి నుంచి తెచ్చుకున్న ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్లో రాసుకునే అట్ట, పక్కన సద్ది డబ్బా. గ్రూప్స్ వాళ్లు, డీఎస్సీ వాళ్లు, కానిస్టేబుల్ వాళ్లు. ఇంతమంది చదువుతున్నరు గదా అని చూడంగనే కడుపు నిండినట్టయింది. దగ్గరికి పోయి చూస్తే ఎవరి ముందటైనా కోచింగ్ సెంటర్ నోట్సు, జిరాక్స్ కట్టలు, బిట్ బ్యాంకులు. మరి గ్రంథాలయం పుస్తకాలు యాడున్నయని అడిగినం. లోపలి గదిలో ఇనుప బీరువాలు చూపెట్టిన్రు. తాళం వేసి ఉన్నయి. తాళంచెవి ఉన్న ఉద్యోగి ఇంకో రెండు గ్రంథాలయాలకు కూడా ఇన్‌చార్జి అట, గురువారం వస్తడట.

వరండాలో కూసున్న ఒక తమ్ముని చేతిలో తెలంగాణ ఉద్యమ చరిత్ర గైడు ఉన్నది. గ్రూప్-2లో ఆ సబ్జెక్టుకు ఒక పూర్తి పేపరే ఉన్నది గదా. ఇరవై ఎనిమిదేండ్లు ఉంటయేమో, నాలుగేండ్ల నుంచి ఇక్కడికే వస్తున్నడట. మాటల్లో మాటగా దేశోద్ధారక గ్రంథమాల గురించి అడిగినం. కండ్లు ఎత్తకుండనే చెప్పిండు: '1938, సికింద్రాబాద్, వట్టికోట ఆళ్వారుస్వామి.' సరే తమ్ముడూ, ఆళ్వారుస్వామి రాసిన నవల ఏదన్న చదివినవా అని అడిగినం. ఆయన మా మొఖం దిక్కు వింతగ చూసిండు. 'ప్రజల మనిషి, గంగు సార్. పేర్లు తెల్సు. చదవలే. అవి సిలబస్‌ల లేవు గద.'

ఆ పిల్లగాన్ని మేం తప్పుపట్టడం లేదు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో, వస్తే కోర్టులో ఎన్నిదినాలు ఆగుతదో తెలియని వాని దగ్గరికి పోయి నవల చదవమనడానికి మాకు మొఖం చెల్లలేదు. కానీ ఆ జవాబు మాత్రం ఇంటిదాకా మా వెంట వచ్చింది.

ఆ ఆళ్వారుస్వామి ఎవరు? 1915లో నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చెరువుమాదారంలో పుట్టిండు. చిన్నతనంలోనే తండ్రి పోయిండు. ఒక ఉపాధ్యాయుని ఇంట్లో వంట చేసిపెడుతూ ఆయన దగ్గరే అక్షరాలు నేర్చుకున్నడు. విజయవాడలో హోటల్లో పనిచేసిండు. బడికి పోయి పట్టా తీసుకున్న మనిషి కాదు. పుస్తకం చదివి చదివి మనిషైనవాడు. హైదరాబాద్‌కు వచ్చి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దిండు. ఆనక 1938లో తక్కువ ధరకు పుస్తకాలు అచ్చువేసే గ్రంథమాల పెట్టిండు. అచ్చేసి ఊరుకోలేదు, ఆ పుస్తకాలు తానే మోసుకొని ఊరూరా తిరిగి అమ్మిండు. జైలుకు పోయిండు. నిజామాబాద్ జైల్లో గోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిన దాశరథికి అక్కడ తోడున్నది ఈ ఆళ్వారుస్వామే. 1961లో, యాభై ఏండ్లు కూడా నిండకముందే పోయిండు.

పుస్తకం ఆయనకు కూడు పెట్టిందా అంటే, పెట్టలేదనే చెప్పాలె. ఉన్న కూడు కూడా పుస్తకాల మీదనే పెట్టిండు. కానీ వంటింట్లో పిడికెడు మెతుకుల కోసం పనిచేసే పోరడు ఒక కాలానికి పుస్తకాలు పంచేటంత ఎట్ల ఎదిగిండు? ఆ ఇంటి పొయ్యి కాడ చదివిన అక్షరం ఆయనకు ఏం చెప్పి ఉంటది? నువ్వు పడుతున్న బాధ నీ నుదుటి రాత కాదు, దీనికి ఒక కారణం ఉన్నది, ఆ కారణానికి ఒక పేరున్నది అని చెప్పి ఉంటదని మేమనుకుంటున్నం. చదువు వల్ల వచ్చే లాభాల్లో మాకు తెలిసి పెద్దది ఇదే.

ఇంకా వెనక్కి పోదాం. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం పెట్టింది 1901 సెప్టెంబర్ 1న. రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైంది. హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయం 1904లో. పై చదువులు, కచేరీ కాగితాలు ఉర్దూలో నడిచే రాజ్యంలో ఇంట్ల మాట్లాడే భాషలో ఒక పుస్తకం దొరికే చోటు ఉండుడే పెద్ద సంగతి. మన ఉద్యమం ఉడుకు మీద ఉన్న రోజుల్లో కొందరం చెప్పడానికి జంకిన మాట ఒకటి ఇక్కడ చెప్పాలె. ఆ భాషానిలయం స్థాపనలో ముందున్న కొమర్రాజు లక్ష్మణరావు కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలు మనిషి, మునగాల రాజా దగ్గర దివాను. పుస్తకం పంచినోన్ని ఏ జిల్లా అని అడగాల్సిన పని లేదు. ఆయనే 1906లో హైదరాబాద్‌లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టిన్రు. ఆ మండలి మొదటి పుస్తకం ఏందో తెలుసా? గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. దేశముఖుల గడీల్లో మన తాతలు వెట్టి చేస్తున్న కాలంలో, బానిసత్వాన్ని తీసేసిన ఒక దేశాధ్యక్షుని కథ హైదరాబాద్‌లో తెలుగులో వచ్చింది. ఆ పుస్తకాన్ని తెరిచినవానికి తన ఊరి గడీ గుర్తుకు రాకుండ ఉంటదా?

సర్కారుకు ఈ సంగతి మనకంటే ముందే సమజైంది. సభ పెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలని గస్తీ నిషాన్ తిర్పన్ తెచ్చిన్రు. ప్రైవేటు బడి తెరవాలన్నా అనుమతే. గ్రంథాలయం పెడితే పోలీసు కన్ను. నలుగురు కూసొని చదువుకుంటే నిజాం సర్కారుకు ఏం నష్టం? ఏమీ లేకపోతే అంత భయమెందుకు?

'తెలంగాణలో కవులు పూజ్యం' అని ఒక వ్యాసంలో ఒకాయన రాస్తే సురవరం ప్రతాపరెడ్డి తిట్టలేదు, సవాళ్లు విసరలేదు. 354 మంది కవులను ఒక్కచోట చేర్చి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేసిండు. వాదన అట్ల ముగిసింది. ఇప్పుడు ఫోన్‌లో ఒక మాటకు వంద మాటలు విసురుకొని పొద్దుమూకేసరికి మర్చిపోతున్న మనం ఆ జవాబును ఒకసారి చూడాలె. ఆ సంచిక తొంభై ఏండ్ల తర్వాత కూడా మన చేతిలో ఉన్నది.

ఆడోళ్ల సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. నల్లగొండ జిల్లా కరివిరాల కొత్తగూడెంలో భూములున్న ఇంట్లో పుట్టిన మల్లు స్వరాజ్యం పదేండ్ల వయసులో గోర్కీ రాసిన 'అమ్మ' చదివింది. రష్యాలో ఒక కార్మికుని తల్లి కథ అది. చదువురాని తల్లి, కొడుకు తెచ్చిన పుస్తకాల వల్ల, కొడుకు దోస్తుల మాటల వల్ల మెల్లమెల్లగ మారుతది. ఆ పుస్తకం తన మీద ఎంత పనిచేసిందో స్వరాజ్యం తర్వాత చెప్పుకున్నది. వెట్టికి వ్యతిరేకంగా ఆంధ్రమహాసభ పిలుపు ఇచ్చినప్పుడు, పదకొండేండ్ల ఆ పిల్ల ఇంట్లో కొందరికి ఇష్టం లేకున్నా వెట్టి జనానికి బియ్యం పంచింది. తర్వాత తుపాకి పట్టింది, దళం నడిపింది, ఎమ్మెల్యే అయింది, 2022లో పోయింది. అదంతా అందరికీ తెల్సు. మాకు మాత్రం ఆ బియ్యం గింజలే యాదికొస్తయి. పుస్తకం కూడు పెడ్తదా అని అడిగిన అవ్వకు ఈ ముచ్చట చెప్పాలె. పెట్టింది అవ్వా. చదివిన పిల్లకు కాదు, వాకిట్ల నిలబడ్డోళ్లకు పెట్టింది.

ఒక్క పుస్తకంతోనే ఇదంతా అయిందని మేం అనడం లేదు. సంఘం ఉండె, అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డి ఉండె, కాలం ఉండె. కానీ తన ఇంటి అన్నం ఎవరి చెమటతో వచ్చిందో చూసే కన్ను ఆ ఇంట్లో దానంతట అది తెరుచుకోదు. యాడనో రష్యాలో ఉన్న తల్లి వచ్చి తెరవాల్సి వచ్చింది.

మా తరానికి అట్ల వచ్చిన పుస్తకం 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ రాసిన 'రూట్స్'ను సహవాసి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆఫ్రికాలో గాంబియా నుంచి ఎత్తుకపోయిన కుంటా కింటే పేరును తెల్లదొరలు టోబీ అని మార్చిన్రు. పారిపోతే పాదం నరికిన్రు. హాస్టల్ గదిలో లైటు ఆర్పిన తర్వాత టార్చిలైటు వెలుతుర్ల ఆ పుస్తకం చదివినోళ్లం మేం. అది అమెరికా కథ అని మాకెప్పుడూ అనిపించలేదు. మల్లయ్యను మల్లిగా అని, నర్సమ్మను నర్సిగా అని పిలిచే దొరలను మేం చూసినం, మా నాయినలు ఇంకా ఎక్కువ చూసిన్రు. పేరు గుంజుకునుడు అంటే ఏందో ఆ పుస్తకం చదివినంక తెలిసింది. అంతకుముందు అది కూడా మామూలే అనుకున్నం. ఆ పుస్తకం అట్ట ఊడింది, మళ్లీ కుట్టించినం, ఎవరో తీసుకపోయి ఇవ్వలేదు. ఇవ్వనందుకు కోపం లేదు.

ఉద్యోగ మిత్రులకు వేరే యాది ఉంటది. 610 జీవో. 1985 డిసెంబర్ 30న వచ్చింది. ఐదు, ఆరు జోన్లలో నిబంధనలకు విరుద్ధంగా చేరిన స్థానికేతరులను 1986 మార్చి 31 లోపు వాపసు పంపాలని అందులో ఉన్నది. దాని గురించి ఉద్యమంలో నోటినోటా తిరిగిన 58,962 అనే అంకె మనకు తెల్సు. కానీ ఆ జీవో కాగితాన్ని సొంతంగా చదివినోళ్లు మొదట్లో ఎంతమంది? ఆఫీసు కాంటీన్‌లో ఒక్క జిరాక్స్ ప్రతి చుట్టూ పదిమంది మూగి, ఇంగ్లిష్ వాక్యాన్ని ముక్కముక్క చేసి అర్థం చేసుకున్న దినాలు మాకు యాదున్నయి. 'మనకు అన్యాయం జరిగింది' అనుకోవడం వేరు. ఏ కాగితంలో, ఏ పేరాలో, ఏ తేదీలోపు చేస్తమన్న పని చేయలేదో చూపెట్టి అడుగుడు వేరు. మొదటిదాన్ని ఏడుపు అని తీసేయొచ్చు. రెండోదానికి జవాబు చెప్పాలె.

ఫజల్ అలీ కమిషన్ నివేదిక కూడా అంతే. 1955లో ఆ కమిషన్ తెలంగాణను అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచాలన్నది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపాలన్నది. ఈ ముక్క తెలిసిన పల్లె పిల్లగాని ముందు ఎంత పెద్ద నాయకుడైనా నీళ్లు నమిలిండు. ఆ పిల్లగానికి ఆ ముక్క యాడిది? జయశంకర్ సార్ లాంటోళ్ల ఉపన్యాసాల్లోంచి, ఐదు పది రూపాయల చిన్న పుస్తకాల్లోంచి వచ్చింది. సభ అయిపోంగనే స్టేజీ పక్కన దస్తీ పరిచి అమ్మిన పుస్తకాలవి. ఉద్యమం మీద రాసేటోళ్లు పాటను తలుస్తరు, ధూంధాంను తలుస్తరు, తలవాల్సిందే. ఆ దస్తీ మీది పుస్తకాల సంగతి మాత్రం ఎవరూ రాయరు.

2011 జనవరిలో శ్రీకృష్ణ కమిటీ నివేదిక బయటికి వచ్చినప్పుడు ఏమైందో చూడండి. అంత లావు నివేదికను విశ్వవిద్యాలయాల్లో, బార్ రూముల్లో, ఉద్యోగ సంఘాల ఆఫీసుల్లో పంచుకొని చదివిన్రు. శాంతిభద్రతల మీదున్న ఎనిమిదో అధ్యాయంలో అసలు సంగతి లేదని, దాన్ని సీల్డు కవర్లో హోంశాఖకు ఇచ్చిన్రని పట్టుకున్నది చదివినోళ్లే. ఆ సంగతి హైకోర్టు దాకా పోయింది. చదవకుండ జిందాబాద్ కొట్టినా, చదవకుండ తగలబెట్టినా ఆ కవరు సంగతి బయటికి వచ్చేదా?

ఇక్కడ మా మీద మేమే ఒక మాట అనుకోవాలె. భాషానిలయాల పేర్లు గర్వంగ చెప్పుకుంటున్నం గాని, అవి పెట్టినోళ్లు ఎక్కువగా జమీందార్లు, వకీళ్లు, పెద్దకులాల వాళ్లు. ఊరి బయట వాడల్లో ఉన్నోళ్లకు ఆ మెట్లు చానా దూరం ఉండె. 1910లో భాగ్యరెడ్డివర్మ హైదరాబాద్‌లో ఆది హిందువుల పిల్లల కోసం వేరే బడులు తెరవాల్సి వచ్చిందంటే కారణం అదే. చదువు ఎవరికి అందకుండ చేసిన్రో వాళ్లకు దాని విలువ ఎక్కువ తెల్సు. అంబేద్కర్ బొంబాయి దాదర్‌లో కట్టుకున్న రాజగృహలో సగం బతుకు పుస్తకాలదే. కాబట్టి చదువు గురించి మాట్లాడేటప్పుడు 'అలవాటు చేసుకోండి' అని పిల్లలకు నీతులు చెప్పి చేతులు దులుపుకునుడు మాకు నచ్చదు. పుస్తకం చేతికి అందితే గద అలవాటయ్యేది.

ఎందుకు అందడం లేదు? పైసలు లేకనా? లెక్క చూద్దాం. మనం కట్టే ఇంటిపన్నులో ప్రతి రూపాయి మీద 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉన్నది. ఏడాదికి 2,000 ఇంటిపన్ను కట్టే చిన్న ఉద్యోగి 160 రూపాయలు పుస్తకాల కోసమే కడుతున్నడు. రసీదులో చిన్న అక్షరాల్లో ఉంటది, చూసుకోండి. ఆ పైసలు మున్సిపాలిటీ, పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలె. చాలాచోట్ల చేయరు, ఏండ్లకేండ్లు బకాయి. సమైక్య రాష్ట్రంలో ఈ ముచ్చట అడిగితే 'వలస పాలకులకు మన పుస్తకాలంటే పట్టదు' అన్నం. అన్నది మేమే. 2014 జూన్ 2 తర్వాత ఆ మాట అనడానికి వీలు లేదు. ఇప్పుడు ముఖ్యమంత్రి మనోడే, మేయరు మనోడే, సర్పంచి మనోడే. తాళం వేసిన బీరువా కూడా మనదే.

చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు మేం గైడు పారేయమని చెప్పం. కొలువు కావాలె, కొలువు కోసమే గద పన్నెండు వందల మందికి పైగా ప్రాణాలు పోయినయని ఉద్యమం చెప్పుకున్నది. కానీ బిట్ పేపర్లో ప్రశ్న వాళ్లే ఇస్తరు, నాలుగు జవాబులూ వాళ్లే ఇస్తరు. మనం చేసేది గీత గీసుడు. రేపు కొలువు వచ్చి తహసీల్ ఆఫీసులో కూసున్నంక ఒక ముసలవ్వ పట్టాదారు పాసుబుక్కు పట్టుకొని వచ్చి నిలబడితే అక్కడ ఎ, బి, సి, డి ఉండవు. ఆ అవ్వ ఎందుకు ఏడుస్తున్నదో సమజ్ చేసుకోవడానికి 'ప్రజల మనిషి'లో ఊరి దొర ఏం చేసిండో తెలిసి ఉంటే పనికొస్తది. అది పరీక్షకు పనికిరాదు, నిజమే. కుర్చీకి పనికొస్తది.

ఇంత రాసినంక, మాట చెప్పి ఊరుకుంటే మేం కూడా దొంగలమే. అందుకే గురువారం మళ్ల ఆ గ్రంథాలయానికి పోయినం. ఇన్‌చార్జి వచ్చిండు. మంచి మనిషే, మూడు చోట్ల పని మీద అలసిపోయిన మనిషి. బీరువా తెరిచిండు. లోపల చెదలు లేదు, ఎవరో నాఫ్తలీన్ గోలీలు వేసి పెట్టిన్రు. 'ప్రజల మనిషి' దొరికింది, 'గంగు' దొరకలేదు. ఇచ్చే పుస్తకాల రిజిస్టర్ తీస్తే చివరి సంతకానికి మూడేండ్లు దాటినయి. వేపచెట్టు కింది తమ్ముడు లేచి వచ్చి నిలబడ్డడు. తన పేరు మీద రాయమన్నడు. పద్నాలుగు దినాలల్ల వాపసు తేవాలె, తేకుంటే జుర్మానా అని ఇన్‌చార్జి నవ్వుకుంట చెప్పిండు.

అదే దినం పది రూపాయల ఫీజు కట్టి జిల్లా గ్రంథాలయ సంస్థకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టినం. గత పదేండ్లలో ఏ మున్సిపాలిటీ ఎంత గ్రంథాలయ పన్ను జమ చేసింది, ఎంత బకాయి పడ్డది, కొత్త పుస్తకాల మీద ఎంత ఖర్చు పెట్టిన్రు అని మూడు ప్రశ్నలు. చట్టం ప్రకారం 30 దినాల్లో జవాబు రావాలె. ఈ రాత ప్రెస్సుకు పోయేనాటికి పద్దెనిమిది దినాలైనయి. మీ జిల్లాలో కూడా ఇదే దరఖాస్తు పెట్టి, వచ్చిన కాగితం జిరాక్స్ మాకు పంపండి, వరుసగ అచ్చేస్తం.